కల్లోల సమాజంలో మనశ్శాంతి: యూసుఫ్ (అలైహి) చూపిన బాట

సర్వ స్తోత్రాలకూ అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయనే మనలను సృష్టించాడు, పోషిస్తున్నాడు, మంచిచెడుల విచక్షణను ప్రసాదించాడు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!



కొంతకాలం క్రితం ఒక శుక్రవారం నమాజు ముగిసి, సఫ్‌లు ఖాళీ అవుతున్న వేళ ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఇంజనీరింగు చదివిన బిడ్డ. తండ్రి తోపుడు బండి మీద పండ్లు అమ్మి చదివించాడు. చదువు పూర్తయి మూడేళ్లయినా తగిన ఉద్యోగం రాలేదు. పట్నంలో అద్దె ఇంటి కోసం తిరిగితే, అంతవరకు బాగానే మాట్లాడినవారు పేరు చెప్పగానే ఇల్లు లేదన్నారు. ఫోను తెరిస్తే ద్వేషం, మూస్తే ఇంట్లో అప్పుల మాట. అతడు తల వంచుకుని ఇలా అన్నాడు: “హజ్రత్, లోకం ఇలా తగలబడుతుంటే నేను సుఖంగా ఉండాలని కోరుకోవడమే పాపమేమో అనిపిస్తోంది. కోరుకోకుండా ఉందామంటే బతకలేకపోతున్నాను.”

“సబ్ర్ చెయ్యి బేటా” అన్నాము.

“ప్రతి శుక్రవారం ఆ మాట వింటూనే ఉన్నాను హజ్రత్. సబ్ర్ అంటే రేపు పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు” అన్నాడు.

అతని మాటలో అమర్యాద లేదు. అందుకే అది మా గుండెలో గుచ్చుకుంది. ఆ రాత్రి మా పాత ప్రసంగాల నోటుపుస్తకాలు తీసి చూసుకున్నాము. ఉర్దూలో రాసుకుని తెలుగులో చెప్పినవి, తెలుగులో రాసుకుని ఉర్దూలో చెప్పినవి, ఎన్నో ఏళ్ల పుస్తకాలు. వాటిలో సగానికి పైగా ఒకే మాటతో మొదలయ్యాయి: కాలం చెడిపోయింది, మనుషులు చెడిపోయారు. జనం నాశనమైపోయారని చెప్పేవాడే వారందరిలోకీ ఎక్కువగా నాశనమైనవాడని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ప్రజల మీద జాలితో, ధర్మం మీద బాధతో అన్నవారికి ఈ హెచ్చరిక వర్తించదనీ, తనను గొప్పవాడిగా, ఇతరులను తక్కువవారిగా ఎంచి అన్నవారికే వర్తిస్తుందనీ ధర్మవేత్తలు వివరించారు. మేము బాధతోనే అన్నాము. కాని రోగం పేరు చెప్పి మందు చెప్పని వైద్యుని వలె, మనుషులను వచ్చినప్పటికంటే బరువైన మనసుతో ఇంటికి పంపించామేమో! ఆ బిడ్డకు బాకీపడిన జవాబును నేడు మీ అందరి ముందు ఉంచుతున్నాము.

రెండు తప్పుదారులు

సమాజం కల్లోలంగా ఉన్నప్పుడు మనిషి సాధారణంగా రెండు దారులలో ఒకటి పడతాడు.

మొదటిది తలుపు మూసుకునే దారి. నా ఇల్లు, నా జీతం, నా నమాజు, నా తస్బీహ్ చాలు, బయట ఏమైనా కానీ అనుకోవడం. ఇది చూడడానికి ప్రశాంతంగా కనిపిస్తుంది. కాని ఆ ప్రశాంతత అద్దెది. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే, కొడుకుకు బడిలో ఒక మాట తగిలితే, అది ఒక్కపూటలో ఖాళీ చేసి వెళ్లిపోతుంది. ప్రజలతో కలిసిమెలిసి ఉండి, వారివల్ల కలిగే బాధలను ఓర్చుకునే విశ్వాసి, అలా కలవక దూరంగా ఉండిపోయే విశ్వాసికన్నా ఉత్తముడని దైవప్రవక్త (స) ప్రవచించారు.

రెండవది లోకపు మంటను మొత్తం తన గుండెలోకి తెచ్చుకునే దారి. పొద్దున కళ్లు తెరిచింది మొదలు రాత్రి కళ్లు మూసేవరకు ఎక్కడెక్కడి అన్యాయాలనో చూస్తూ, పంచుతూ, మండిపడుతూ ఉండడం. ఈ దారిన పోయేవాడు తాను బాధ్యతగా ఉన్నానని అనుకుంటాడు. కాని అతని కోపం అన్యాయం చేసినవాని దాకా చేరదు. అది భార్య మీద, బిడ్డల మీద, వృద్ధులైన తల్లిదండ్రుల మీద పడుతుంది. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన సోదరుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లినప్పుడు ఆయన పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులోనే గడుపుతూ ఇంటివారిని పట్టించుకోవడం లేదని గమనించారు. నీ ప్రభువుకు నీపై హక్కు ఉంది, నీ దేహానికీ ఉంది, నీ ఇల్లాలికీ ఉంది, ఎవరి హక్కు వారికి ఇవ్వమని బోధించారు. ఆ మాట నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు. ఆరాధనే ఇంటివారి హక్కును మింగరాదన్నప్పుడు, ఆవేదన మాత్రం మింగవచ్చునా?

ఈ రెండు దారులూ ఎదురెదురుగా కనిపించినా వాటి మూలం ఒక్కటే. నా శాంతి సమాజం చేతిలో ఉంది, అది బాగుపడితేనే నాకు శాంతి అన్న నమ్మకం. ఒకడు సమాజాన్ని మరచిపోయి శాంతి పొందాలనుకుంటాడు. మరొకడు సమాజం మారేదాకా శాంతిని వాయిదా వేస్తాడు. ఇస్లాం చూపిన బాట ఈ రెండింటికీ భిన్నమైనది.

ఆత్మ మూడు స్థితులు

దివ్య ఖుర్ఆన్ మానవుని నఫ్స్‌ను, అనగా ఆత్మను, మూడు స్థితులలో ప్రస్తావించింది. చెడువైపు పురిగొల్పే స్థితి అమ్మారా. ఇది యూసుఫ్ సూరాలో వచ్చింది. తనను తాను నిందించుకునే స్థితి లవ్వామా. ఇది ఖియామహ్ సూరా ఆరంభంలో వచ్చింది. తృప్తి చెంది నెమ్మదించిన స్థితి ముత్మయిన్నా. ఇది ఫజ్ర్ సూరా చివర వచ్చింది.

చాలామంది తమ అశాంతిని చూసి తమ విశ్వాసం పోయిందని భయపడుతుంటారు. అన్యాయాన్ని చూసి నిద్ర పట్టకపోవడం, నేను ఏమీ చేయలేకపోతున్నానే అని తనను తాను నిలదీసుకోవడం లవ్వామా స్థితి. అల్లాహ్ ఆ ఆత్మ మీద ప్రమాణం చేశాడంటే దాని విలువను గ్రహించండి. నొప్పి తెలిసిన అవయవంలోనే ప్రాణం ఉంటుంది. ఆ యువకుని గుండెలో ఉన్నది పాపం కాదు, ప్రాణం. అయితే లవ్వామా మజిలీయే గాని గమ్యం కాదు. అక్కడే కూర్చుండిపోయినవాడు కుంగిపోతాడు. అక్కడినుండి ముత్మయిన్నా దిశగా నడవాలి. ఆ నడక ఎలా ఉంటుందో చూపడానికి అల్లాహ్ ఒక పూర్తి జీవితాన్ని మన ముందుంచాడు.

ఖైదీని, అధికారిని ఒకే మాటతో పిలిచారు

యూసుఫ్ సూరా దివ్య ఖుర్ఆన్‌లో 12వ సూరా. ఇందులో 111 ఆయతులున్నాయి. ఒక దైవప్రవక్త జీవితగాథ మొదటినుండి చివరివరకు వరుసగా ఒకేచోట రావడం ఈ సూరా ప్రత్యేకత. ఇది మక్కాలో, విశ్వాసులు చేతిలో ఏ అధికారమూ లేక హింసలు అనుభవిస్తున్న కాలంలో అవతరించింది. తమ సమాజం తమను ఒక మూలకు నెట్టివేసినప్పుడు ఎలా జీవించాలో తెలియక ఉన్నవారికి ఈ గాథ దారిదీపమైంది.

యూసుఫ్ (అలైహి) ఎదుర్కొన్నవాటిని ఒకసారి వరుసగా తలచుకోండి. సొంత అన్నలే అసూయతో బావిలోకి తోశారు. బాటసారులు ఆయనను బావినుండి తీసి కొద్దిపాటి దిర్హములకు అమ్మివేశారు. పరాయి దేశంలో, పరాయి భాషలో, బానిసగా పెరిగారు. యజమాని ఇంట్లో తలుపులు మూసి పాపానికి పిలిచినప్పుడు తప్పించుకుని పరుగెత్తారు. ఆయన నిర్దోషి అనడానికి వెనుకవైపు చిరిగిన చొక్కా సాక్ష్యంగా నిలిచింది. అయినా చెరసాలకు పంపించారు. నేరం చేసినవారు బయట, చేయనివారు లోపల. ఇంతకంటే చెడిన సమాజం ఏముంటుంది?

ఇక్కడ మనం ఆగి చూడవలసిన ఒక విషయం ఉంది. చెరసాలలో ఇద్దరు తోటి ఖైదీలు తమ కలలకు అర్థం అడగడానికి ఆయన దగ్గరకు వచ్చారు. ఎందుకు వచ్చారో వారే చెప్పుకున్నారు: మీరు మాకు ముహ్సిన్‌లలోని వారుగా కనిపిస్తున్నారు అని. అనగా సజ్జనునిగా, మేలు చేసేవానిగా. ఇది 36వ ఆయతులోని సంగతి. ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. యూసుఫ్ (అలైహి) ఈజిప్టు ధాన్యాగారాల అధికారి అయ్యారు. కరువుకు తాళలేక ధాన్యం కోసం వచ్చిన అన్నలు ఆయనను గుర్తుపట్టలేదు. తమ తమ్ముని విడిపించమని బతిమాలుతూ వారు కూడా ఆ మాటే అన్నారు: మీరు మాకు ముహ్సిన్‌లలోని వారుగా కనిపిస్తున్నారు అని. ఇది 78వ ఆయతులోని సంగతి.

సోదరులారా! చెరసాలలో ఖైదీ దుస్తుల్లో ఉన్నప్పుడూ, అధికార పీఠం మీద ఉన్నప్పుడూ, ఆయన ఎవరో తెలియనివారు ఆయనలో చూసింది ఒక్కటే గుణం. ఆయనను ఎక్కడ ఉంచాలో సమాజం నిర్ణయించింది. ఒకసారి బావిలో, ఒకసారి సంతలో, ఒకసారి చెరలో, ఒకసారి పీఠం మీద. కాని ఆయన ఏమై ఉండాలో మాత్రం సమాజం నిర్ణయించలేకపోయింది. అది ఆయనకూ ఆయన ప్రభువుకూ మధ్య ఉన్న వ్యవహారం. మనశ్శాంతి రహస్యమంతా ఈ ఒక్క సంగతిలో ఉంది. మన స్థానం అనేకుల చేతుల్లో ఉంటుంది. మన గుణం మన చేతుల్లో ఉంటుంది. చేతిలో లేనిదాని కోసం చేతిలో ఉన్నదాన్ని జారవిడిచినవాడికి శాంతి దొరకదు.

ఇహ్సాన్ అంటే ఏమిటి?

ముహ్సిన్ అనే మాట ఇహ్సాన్ నుండి వచ్చింది. దాని ధాతువులో అందం అనే అర్థం ఉంది. ఒక పనిని చేయవలసినంత మాత్రమే చేయక, దానిని చక్కగా, అందంగా, నిండు మనసుతో చేయడమే ఇహ్సాన్. అల్లాహ్‌ను కళ్లారా చూస్తున్నట్లుగా ఆరాధించాలని, అది సాధ్యం కాకపోతే ఆయన మనల్ని చూస్తున్నాడన్న ఎరుకతోనైనా ఆరాధించాలని దైవప్రవక్త (స) ఇహ్సాన్‌కు నిర్వచనం చెప్పారు. చూసేవాడు అల్లాహ్ అయినప్పుడు, మెచ్చుకోని యజమాని ముందు కూడా మంచి పని చేయడం వ్యర్థం కాదు. కృతజ్ఞత లేని మనిషికి చేసిన మేలు కూడా వృథా పోదు.

యూసుఫ్ (అలైహి) ఇహ్సాన్ ఎంత విశాలమైనదో చూడండి. విడుదలైపోతున్న ఖైదీతో, నీ రాజు దగ్గర నా సంగతి చెప్పమన్నారు. అతడు మరచిపోయాడు. మరికొన్ని ఏళ్లు చెరలోనే గడిచాయి. రాజుకు ఏడు బలిసిన ఆవులను ఏడు బక్క ఆవులు తినివేస్తున్నట్లు కల వచ్చింది. ఎవరూ అర్థం చెప్పలేకపోయినప్పుడు, ఆ మరచిపోయినవాడే పరుగెత్తుకుంటూ వచ్చాడు. యూసుఫ్ (అలైహి) అతడిని దెప్పిపొడవలేదు. ముందు నన్ను విడిపించండి, ఆ తర్వాత చెబుతానని బేరమాడలేదు. ఏడేళ్లు వరుసగా సేద్యం చేయండి, తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగిలిన గింజను వెన్నుల్లోనే ఉంచి దాచండి, తర్వాత వచ్చే ఏడు కరువు సంవత్సరాలలో అది అక్కరకొస్తుంది అని పూర్తి ఉపాయం చెప్పారు. గింజ వెన్నులోనే ఉంటే తొందరగా చెడదని మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు. కరువంటే ఏమిటో 1876లో మొదలైన ధాత కరువు కథలు విన్న రాయలసీమ పెద్దలకూ చెప్పనక్కరలేదు.

ఆ ధాన్యం తిని బతికినవారెవరు? ఆయనను అన్యాయంగా చెరలో పెట్టిన సమాజమే. ఆయన విశ్వాసాన్ని అంగీకరించని ప్రజలే. అన్యాయం చేసినవారి ఆకలి కూడా ఆకలేనని ఆయన ఎంచారు.

ఈ గుణం మన కాలంలోనూ మన కళ్లముందు కనబడింది. 2020 వేసవిలో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు, ఆ నింద మన సముదాయం మీద మోపిన మాటలు మనమెవరమూ మరచిపోలేదు. కూరగాయల బండివాని పేరు అడిగి వెనక్కు పంపిన వీధులున్నాయి. ఆ ఏడాదే, ఆ మరుసటి ఏడాది 2021లోనే, కన్నబిడ్డలు కూడా దగ్గరకు రావడానికి జంకిన మృతదేహాలను తెలుగునాట అనేక ఊళ్లలో ముస్లిం యువకులు భుజానికెత్తుకున్నారు. హిందువైతే శ్మశానానికి, క్రైస్తవుడైతే సమాధుల తోటకు, ఎవరి ఆచారం ప్రకారం వారిని గౌరవంగా సాగనంపారు. ఆ యువకులలో కొందరిని మేమెరుగుదుము. ఆ రోజుల్లో ఎలా ఉండేదని అడిగితే, ఒళ్లు అలసిపోయేది గాని రాత్రి పడుకోగానే నిద్ర పట్టేది హజ్రత్ అన్నారు. సమాజం ఇంకా బాగుపడలేదు. నిందించినవారు వచ్చి క్షమాపణ అడగలేదు. అయినా నిద్ర పట్టింది. ముత్మయిన్నా అన్న మాటకు ఇంతకంటే సులభమైన వివరణ మాకు తెలియదు.

దుఃఖం విశ్వాసానికి విరోధం కాదు

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. తృప్తిగల విశ్వాసి ఎప్పుడూ చిరునవ్వుతో ఉంటాడని, ఏడిస్తే విశ్వాసం తక్కువని కొందరు అనుకుంటారు. యూసుఫ్ (అలైహి) తండ్రి యాఖూబ్ (అలైహి) కూడా దైవప్రవక్తే. కుమారుని ఎడబాటుతో ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు తెల్లబడిపోయాయని ఖుర్ఆన్ చెబుతోంది. అల్లాహ్ ఆయనను అందుకు మందలించలేదు. ఆయన తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. అదే నోటితో, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కొడుకులకు చెప్పి, యూసుఫ్‌ను వెదకిరమ్మని పంపించారు. కన్నీరూ ఆశా ఒకే గుండెలో ఉండగలవు. మన ప్రవక్త (స) తమ పసికుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు కన్నీరు కార్చారు. అల్లాహ్‌కు ఇష్టంకాని మాటను మాత్రం నోట రానీయలేదు.

మరొక మాట. దుఃఖం నెలల తరబడి విడవక, తిండీ నిద్రా మాయమై, బతుకే వద్దనిపించే స్థితికి వస్తే అది విశ్వాసలోపం కాదు, జబ్బు కావచ్చు. జ్వరం వస్తే వైద్యుని దగ్గరకు పోయే మనం మనసుకు జబ్బు చేస్తే ఎందుకు దాచుకోవాలి? వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అటువంటివారిని దుఆతో పాటు వైద్యుని దగ్గరకు కూడా తీసుకుపోవడం ఇంటివారి బాధ్యత. నీకు ఈమాన్ లేదని వారిని నిందించడం పుండు మీద కారం చల్లడమే.

సబ్ర్ అంటే మౌనం కాదు

సబ్ర్ అంటే కొట్టినచోట పడి ఉండడమని అనుకునేవారున్నారు. యూసుఫ్ (అలైహి) జీవితం ఈ అర్థాన్ని కొట్టివేస్తుంది. రాజు ఆయనను పిలిపించమని మనిషిని పంపినప్పుడు ఆయన వెంటనే లేచి పోలేదు. చేతులు కోసుకున్న ఆ స్త్రీల సంగతేమిటో ముందు విచారించమని దూతను వెనక్కు పంపించారు. అన్నేళ్ల చెర తర్వాత తలుపు తెరిచి ఉన్నా, తన మీది మచ్చ తొలగేవరకు గడప దాటలేదు. విచారణ జరిగింది, సత్యం వెల్లడైంది. ఆ తర్వాత ధాన్యాగారాల బాధ్యత నాకప్పగించండి, కాపాడగలవాడను, తెలిసినవాడను అని స్వయంగా అడిగారు. న్యాయం కోరడం, తన యోగ్యతను చెప్పుకోవడం, ప్రజలకు మేలు చేసే పదవిని చేపట్టడం, ఇవేవీ సబ్ర్‌కు విరుద్ధం కావు.

కాబట్టి అన్యాయం జరిగినప్పుడు చట్టబద్ధమైన దారులన్నీ తొక్కండి. చట్టం ముందు అందరూ సమానులని మన రాజ్యాంగం 14వ అధికరణలో చెప్పింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం సామాన్యుడు కూడా కార్యాలయాన్ని ప్రశ్నించే వీలు కల్పించింది. దరఖాస్తు రాయడం, ఫిర్యాదు చేయడం, ఓటు వేయడం, న్యాయస్థానాన్ని ఆశ్రయించడం, అన్యాయానికి గురైన పొరుగువాని పక్షాన సాక్ష్యం చెప్పడం, ఇవన్నీ చెడును చేతితోనూ, నాలుకతోనూ, కనీసం మనసుతోనూ నిరసించమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని పాటించే మార్గాలే. అయితే ఫలితం వచ్చినా రాకపోయినా మన ప్రవర్తన చెడకుండా చూసుకోవడం సబ్ర్. ద్వేషించేవాని మీద పోరాడుతూ అతనిలాగే మారిపోతే, గెలిచింది అతడే.

రేపు పొద్దున చేయవలసినవి

ఆ యువకుడు అడిగింది రేపు పొద్దున లేచి ఏం చేయాలని. అతనికి మేము తర్వాత చెప్పినవే మీకూ మనవి చేస్తున్నాము.

మొదటిది, దినచర్యను నమాజుతో మొదలుపెట్టండి, ఫోనుతో కాదు. దైవప్రవక్త (స) నమాజుకు పిలుపునిచ్చి తమకు ఊరట కలిగించమని బిలాల్ (రజి)ను అడిగేవారు. వారికి నమాజు దించుకోవలసిన భారం కాదు, భారం దించుకునే చోటు. ఫజ్ర్ తర్వాత కొద్దిసేపు అల్లాహ్ స్మరణలో కూర్చోండి. ఆయన స్మరణలోనే హృదయాలు నెమ్మదిస్తాయని రఅద్ సూరా తెలియజేస్తోంది. లోకపు వార్తలు ఒక గంట ఆలస్యంగా తెలిస్తే లోకానికి నష్టం లేదు.

రెండవది, ధర్మసమ్మతమైన పని ఏది దొరికితే అది చేయండి, చేసినదాన్ని చక్కగా చేయండి. యూసుఫ్ (అలైహి) బానిసగా చేసిన పని కూడా నమ్మకంగానే చేశారు. చదువుకు తగిన ఉద్యోగం కోసం ప్రయత్నం మానవద్దు. అది వచ్చేవరకు ఖాళీ చేతులతో కూర్చోవద్దు. అసలైన ఐశ్వర్యం ఆస్తుల్లో లేదని, ఆత్మ సంపన్నతలో ఉందని హదీసు ఉపదేశిస్తోంది.

మూడవది, మీ చేతికి అందే ఒక్క మనిషిని ఎంచుకోండి. సమాజమంతటినీ బాగుచేసే బాధ్యత అల్లాహ్ మీలో ఏ ఒక్కరి మీదా పెట్టలేదు. కాని పక్కింటి ముసలమ్మ మందుల చీటీ, లెక్కలు రాక బడి మానేయబోతున్న పిల్లవాడు, పింఛను దరఖాస్తు రాయలేని వృద్ధుడు, వీరు మీ వీధిలోనే ఉన్నారు. వారి మతమేమిటని అడగవద్దు. యూసుఫ్ (అలైహి) ధాన్యం కొలిచేటప్పుడు అడగలేదు.

నాలుగవది, మంచివారి సాంగత్యం పట్టండి. వారానికి ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఉండాలి. ఒంటరితనంలో చిన్న బాధ కూడా కొండంతవుతుంది.

ఐదవది, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించండి. చేతిలో మొక్క ఉండగా ప్రళయం ముంచుకొచ్చినా, నాటగలిగితే నాటివేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ చెట్టు నీడన కూర్చునేవారు ఉండరు, దాని పండు తినేవారు ఉండరు. అయినా నాటమన్నారు. ఎందుకంటే నాటడమే విశ్వాసి పని. కాయించేవాడు వేరే ఉన్నాడు.

ముగింపు

యూసుఫ్ (అలైహి) తానెవరో అన్నలకు చెప్పిన క్షణాన తన జీవిత సారాన్ని రెండు మాటల్లో చెప్పారు. ఎవరు దైవభీతితో, సహనంతో ఉంటారో అటువంటి ముహ్సిన్‌ల ప్రతిఫలాన్ని అల్లాహ్ వృథా చేయడని. ఆ వెంటనే, ఈ రోజు మీ మీద ఏ నిందా లేదని వారిని క్షమించారు. గాయపడినవాడే క్షమించగలిగాడంటే, ఆ గాయం ఎప్పుడో మానిందని అర్థం. అన్నలు వచ్చి క్షమాపణ అడిగినప్పుడు కాదు అది మానింది. చెరసాలలో తోటి ఖైదీలకు మేలు చేస్తున్న రోజుల్లోనే మానడం మొదలైంది.

ఆ యువకుని సంగతి మీరు అడుగుతారు. కోరుకున్న ఉద్యోగం ఇంకా రాలేదు. ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు, పరీక్షలు రాస్తున్నాడు. సాయంత్రాలు ఇషా నమాజుకు ముందు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. మొదట నలుగురు వచ్చారు. ఇప్పుడు వీధి చివరి ఇళ్ల నుండి హిందువుల పిల్లలు కూడా వస్తున్నారు. మొన్న కనబడినప్పుడు, ఎలా ఉన్నావు బేటా అని అడిగాము. “పరిస్థితులు అలాగే ఉన్నాయి హజ్రత్. నేను మాత్రం అలాగే లేను” అన్నాడు. ఈ శుక్రవారం మా ప్రసంగానికి ఆ మాటే ఆధారం.

ఓ అల్లాహ్! చింతనుండి, దుఃఖంనుండి, అశక్తతనుండి, సోమరితనంనుండి నీ శరణు వేడుకుంటున్నాము. మా హృదయాలకు నెమ్మదిని ప్రసాదించు. మమ్మల్ని ఏ స్థానంలో ఉంచినా మా గుణం చెడకుండా కాపాడు. మాకు అన్యాయం జరిగినప్పుడు న్యాయం కోరే ధైర్యాన్ని, అధికారం వచ్చినప్పుడు క్షమించే హృదయాన్ని ఇవ్వు. మా పొరుగువారికి మా వల్ల మేలే కలిగేలా చేయి. మమ్మల్ని ముస్లిములుగా బ్రతికించి, ముస్లిములుగా మరణింపజేసి, సజ్జనులతో చేర్చు. ఆమీన్.